3.1 శాతం అన్నారు, వారం తిరక్కముందే సున్నా అన్నారు: గ్రహశకలం లెక్క ఎందుకలా తిరిగింది?

మీ ప్రశ్న ఇది: 2024 వైఆర్4 అనే గ్రహశకలం 2032 డిసెంబరు 22న భూమిని ఢీకొట్టే అవకాశం మొదట 1 శాతం అన్నారు, తర్వాత 2 దాటిందన్నారు, 2025 ఫిబ్రవరి 18కి 3.1 దాకా తీసుకెళ్ళారు, ఆరు రోజుల్లో ఏమీ లేదన్నారు. శాస్త్రవేత్తలు లెక్క తప్పారా, లేక ఏదైనా దాస్తున్నారా?

రెండూ కాదు. అంకె అలా పెరగడం, పెరిగి పెరిగి ఒక్కసారిగా కూలిపోవడం, లెక్క సరైన దారిలో నడిచిందనడానికే గుర్తు. మనకు దగ్గరగా వచ్చి తప్పిపోయే గ్రహశకలం ఏదైనా దాదాపు ఇదే వరసలో భయపెట్టి వెళ్తుంది. ఎందుకో చెప్పడానికి గణితం కన్నా ముందు సున్నుండలు కావాలి.

అమ్మమ్మ ఇంటి అటక మీద వరుసగా వంద డబ్బాలున్నాయి అనుకోండి. వాటిలో ఒక్కదాంట్లోనే సున్నుండలు. మీ పేరు రాసిన డబ్బా వరుస మధ్యలో ఎక్కడో ఉంది. ఇప్పుడు మీ అవకాశం వందలో ఒకటి. అమ్మమ్మ వరుస చివర్ల నుంచి ఒక్కో డబ్బా దించి మూత తీసి చూపిస్తోంది: ఖాళీ, ఖాళీ, ఖాళీ. యాభై దించేసరికి మీ డబ్బా ఇంకా అటక మీదే ఉంది, కాబట్టి మీ అవకాశం యాభైలో ఒకటి, అంటే 2 శాతం. అరవై ఎనిమిది దించేశాక ముప్ఫై రెండు మిగిలాయి. ముప్ఫై రెండులో ఒకటి అంటే 3.1 శాతం. ఇంతసేపట్లో సున్నుండలు మీ డబ్బా వైపు అంగుళం కూడా జరగలేదు, మొదటి నుంచీ ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. తగ్గుతూ వచ్చింది అమ్మమ్మ వెతకాల్సిన డబ్బాల సంఖ్య. తర్వాతి విడతలో మీ డబ్బా కూడా దిగింది. మూత తీస్తే ఖాళీ. 3.1 నుంచి తిన్నగా సున్నా. మన కథలో తేడా ఒక్కటే, మన డబ్బా ఖాళీగా ఉంటేనే ఊరంతా సున్నుండలు పంచుకోవాలి.

అంతరిక్షంలో ఆ అటక ఎంత పొడవు? ముతకగా లెక్క కట్టవచ్చు. భూమి వ్యాసం 12,756 కి.మీ. జనవరి చివర్లో అవకాశం 83లో ఒకటి అన్నారు. అంటే ఆ రోజుకి శకలం ఉండగల చోట్లన్నీ వరుసగా పేర్చిన గీత సుమారు పదిన్నర లక్షల కి.మీ. పొడవుంది, అందులో 83వ వంతు భూమి. ఫిబ్రవరి 18న 32లో ఒకటి అన్నప్పుడు గీత సుమారు 4 లక్షల కి.మీ.కు కుదించుకుపోయింది, ఇంచుమించు భూమికీ చంద్రుడికీ మధ్య దూరం. నిజం లెక్కలో గీతంతా సమంగా ఉండదు, మధ్యలో బరువెక్కువ, చివర్లలో తక్కువ. అయినా ఈ అంచనా విషయాన్ని చెడగొట్టదు. ఆ గీత భూమిని దాటే చోట నేల మీద పడే జాడే మీరు టీవీల్లో చూసిన పట్టీ: తూర్పు పసిఫిక్, దక్షిణ అమెరికా ఉత్తర భాగం, అట్లాంటిక్, ఆఫ్రికా, అరేబియా సముద్రం, దక్షిణాసియా. పట్టీలో మన దేశం ఉందంటే మన మీద పడబోతోందని కాదు. పడితే గిడితే ఆ పట్టీలో ఎక్కడో ఒకచోట అని మాత్రమే. చాలా వార్తలు ఈ తేడాని మింగేశాయి.

ఇంకో కోణంలో చూడండి. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు సుమారు 30 కి.మీ. వేగంతో పోతోంది. తన వ్యాసమంత దూరం జరగడానికి దానికి పట్టేది 7 నిమిషాలు. శకలం దారీ మన దారీ కలిసే కూడలికి రెండూ ఆ 7 నిమిషాల తేడాలో వస్తేనే గుద్దుకుంటాయి. కనిపెట్టింది 2024 డిసెంబరులో, ప్రశ్న 2032 డిసెంబరు గురించి. ఎనిమిదేళ్ళు అంటే దాదాపు 42 లక్షల నిమిషాలు. అంత దూరపు ప్రయాణంలో 7 నిమిషాల సూక్ష్మం తేల్చాలి. మొదటి వారాల్లో అది తేలకపోవడం వింత కాదు, రెండు నెలల్లో తేల్చేశారే, అదీ వింత.

ఇక కొలత దగ్గరకు వద్దాం, అసలు రుచి ఇక్కడే. శకలాన్ని కనిపెట్టింది చిలీలోని రియో ఉర్తాదోలో ఉన్న అట్లాస్ టెలిస్కోపు, 2024 డిసెంబరు 27న. వెలుగు లోపలికి వెళ్ళే నోరు అర మీటరు వెడల్పు. అప్పటికి శకలం మనకు అత్యంత దగ్గరగా వచ్చి రెండు రోజులైంది: డిసెంబరు 25న 8.3 లక్షల కి.మీ. దూరంలో దాటిపోయింది. ముందే ఎందుకు చూడలేదంటే అది సూర్యుడి వైపు నుంచి వచ్చింది. ఎదురుగా వచ్చే లారీ హెడ్‌లైట్ల వెలుగులో పక్కనున్న సైకిలు కనిపించనట్టు, పగటి ఆకాశంలో దాన్ని నేల మీది ఏ టెలిస్కోపూ చూడలేదు.

కనిపెట్టాక చేసేది ఒకే పని, అదే పని మళ్ళీ మళ్ళీ: ఫొటో తీయడం, చుట్టూ ఉన్న నక్షత్రాలతో పోల్చి చుక్క ఎక్కడుందో కొలవడం, సమయం రాసుకోవడం. కొలత ఆర్క్ సెకన్లలో ఉంటుంది, పంచాంగం భాషలో వికల. ఒక డిగ్రీలో 3,600వ వంతు. 2.5 సెంటీమీటర్ల నాణేన్ని 5 కి.మీ. దూరంలో పెట్టి చూస్తే కనిపించేంత వెడల్పు. మంచి కొలత అంటే ఆ నాణెం వెడల్పులో పదో వంతు దాకా పట్టుకోవడం. దీనికి ఆధారం నక్షత్రాల పట్టిక. ఇప్పుడు గాయా ఉపగ్రహం ఇచ్చిన 180 కోట్ల తారల పట్టిక వాడుతున్నారు. వందేళ్ళ కిందట ఇదే పని ఫొటో గాజు పలకల మీద, కళ్ళతో, చేత్తో చేశారు. హైదరాబాదు నిజామియా వేధశాలలో అలా కొలిచిన నక్షత్రాలు ఏడున్నర లక్షలకు పైనే. అంతర్జాతీయ ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగులో మన వాటా అది. బేగంపేట మీదుగా వెళ్ళేవాళ్ళలో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఇంకా పెరగాలి.

కొలతలున్నా కక్ష్య వెంటనే ఎందుకు తేలలేదు? రైలు ప్లాట్‌ఫాం వదిలి తిన్నగా దూరం పోతుంటే వెనక ఎర్ర దీపాన్ని చూస్తూ దాని వేగం చెప్పండి. కష్టం. దీపం చిన్నదవుతుంది తప్ప పక్కకు జరగదు. అదే గేటు దగ్గర నిలబడి చూస్తే కళ్ళ ముందు అడ్డంగా దూసుకుపోతుంది, వేగం సులువుగా తెలుస్తుంది. 2024 వైఆర్4 మన నుంచి దాదాపు తిన్నగా దూరం పోయింది, అందుకే ఎర్ర దీపం బాధ. పైగా రోజురోజుకీ మసకబారింది.

వేగంలో చిన్న పొరపాటు ఎంత పెరుగుతుందో చూడండి. సెకనుకు ఒక్క సెంటీమీటరు తేడా ఉందనుకోండి, చీమ నడక. ఎనిమిదేళ్ళలో సుమారు 25 కోట్ల సెకన్లు. తేడా కనీసం 2,500 కి.మీ. అవుతుంది. అసలు ఇంకా ఎక్కువే, ఎందుకంటే వేగం మారితే కక్ష్య పరిమాణం మారుతుంది, చుట్టు తిరిగే కాలం మారుతుంది, ప్రతి చుట్టుకీ ఆలస్యం పోగవుతుంది. ఈ శకలం చుట్టు దాదాపు నాలుగేళ్ళు, అంటే 2028లో ఒకసారి మన పక్కనుంచి పోయి 2032లో మళ్ళీ వస్తుంది.

దీనికి మందు ఒక్కటే, చూసిన రోజుల సంఖ్య పెంచడం. వారం రోజుల్లో వంద కొలతలు తీసుకోవడం కన్నా రెండు నెలల్లో పరుచుకున్న ఇరవై కొలతలు మేలు. చిన్న వంపు ముక్క చూసి గుండ్రం గీయమంటే చేయి ఎటో పోతుంది, వంపు పొడవైతే గీత దానంతటదే కుదురుతుంది. 2004లో అపోఫిస్ అనే మరో శకలం విషయంలోనూ జరిగిందిదే. ఆ డిసెంబరులో 2029 ఏప్రిల్ 13న ఢీకొట్టే అవకాశం 2.7 శాతానికి ఎక్కింది, ఢీకొట్టే ప్రమాదాన్ని సున్నా నుంచి 10 దాకా మెట్లుగా చెప్పే టొరీనో కొలమానంలో 4, ఇప్పటిదాకా మరే శకలమూ ఎక్కని మెట్టు. అంతలో అదే ఏడాది మార్చిలో తీసిన పాత ఫొటోల్లో అపోఫిస్ చుక్క దొరికింది. చూసిన కాలం ఒక్కసారిగా తొమ్మిది నెలలకు సాగింది, ప్రమాదం ఆ రోజుతోనే పోయింది. 2029లో అది సుమారు 32 వేల కి.మీ. దూరం నుంచి వెళ్తుంది, భూస్థిర ఉపగ్రహాల కన్నా దగ్గరగా. అపోఫిస్‌కు పాత ఆల్బం దొరికింది. వైఆర్4కు అలాంటి ఫొటో చేతికి రాలేదు, కొత్తవే తీయాల్సి వచ్చింది.

ఆ కొత్తవి తీయడంలో ఒక అడ్డం వచ్చింది. ఫిబ్రవరి 12 మాఘ పౌర్ణమి. నేల మీద కోట్ల మంది పుణ్యస్నానాల్లో ఉంటే, ఖగోళ శాస్త్రవేత్తలు చంద్రుణ్ణి అడ్డం లేవమని వేడుకునే స్థితిలో ఉన్నారు. అంత మసక చుక్కను నిండు వెన్నెల ముంచేస్తుంది. వెన్నెల తగ్గాక పెద్ద టెలిస్కోపులు మళ్ళీ కొలతలు ఇచ్చాయి. అంకెల నడక ఇలా సాగింది: జనవరి 27న 1 శాతం దాటి టొరీనో మెట్టు 3, ఫిబ్రవరి 18న 3.1, మర్నాడు 1.5, ఆ మర్నాడు 0.28, ఫిబ్రవరి 24కి 0.004, టొరీనో సున్నా. 18వ తేదీ అంకె అబద్ధం కాదు. ఆనాటి కొలతలతో నిజాయతీగా చెప్పగలిగింది అంతే. 1 శాతం దాటితే ప్రపంచానికి చెప్పి తీరాలన్న నియమం పెట్టుకున్నారు కాబట్టి చెప్పారు. మౌనంగా ఉండి ఫలితం తేలాక చెప్పి ఉంటే భయం ఉండేది కాదు, నమ్మకమూ ఉండేది కాదు.

పరిమాణం సంగతి వేరు. మామూలు టెలిస్కోపుకు కనిపించేది వెలుగు మాత్రమే. చిన్న సుద్దముక్క, పెద్ద బొగ్గుముక్క ఒకే వెలుగునిస్తాయి, అందుకే మొదట 40 నుంచి 90 మీటర్లు అని అంత వెడల్పు అంచనా ఇచ్చారు. అంతరిక్షంలో ఉన్న జేమ్స్ వెబ్ టెలిస్కోపు 2025 మార్చి 26న పరారుణంలో చూసింది. పరారుణం ఒంటి వేడిని చూపిస్తుంది, నల్లదా తెల్లదా అన్న మోసం తగ్గుతుంది. తేలింది సుమారు 60 మీటర్లు, ఏడు మీటర్లు అటూ ఇటూగా. మామూలు రాతి సాంద్రత తీసుకుని సెకనుకు 17 కి.మీ. వేగంతో కడితే శక్తి సుమారు 10 మెగాటన్లు వస్తుంది. ఊరిని చెరిపేయగలదు, భూగోళాన్ని కాదు. 2013 ఫిబ్రవరి 15న చెల్యాబిన్స్క్ మీద పేలింది సుమారు 20 మీటర్లది. గాయపడిన 1,500 మందిలో ఎక్కువమంది మెరుపు చూసి కిటికీ దగ్గరకు పరుగెత్తినవాళ్ళే. శబ్ద తరంగం నిమిషం పైన ఆలస్యంగా వచ్చి అద్దాలు పగలగొట్టింది. పగటిపూట ఆకాశంలో సూర్యుణ్ణి మించిన మెరుపు కనిపిస్తే కిటికీకి దూరంగా, గోడ పక్కన కూర్చోండి. పిల్లలకూ ఇదే నేర్పండి.

భూమి డబ్బా దిగిపోయింది గానీ, అప్పటికి అదే వరుసలో పక్కనే చంద్రుడి డబ్బా ఉండిపోయింది. 2025 జూన్ లెక్కలో చంద్రుణ్ణి ఢీకొట్టే అవకాశం 4.3 శాతం. చంద్రుడి వ్యాసం 3,474 కి.మీ., దాన్ని 4.3 శాతంతో భాగిస్తే వరుస ముతకగా 80 వేల కి.మీ.కు చిక్కిందని అర్థం. ఇలాంటి అంకె ఎప్పుడు మారినా కంగారు పడకండి: చూసేకొద్దీ ఒకటి నూరుకు పోవాలి, లేదా సున్నాకు పడాలి, మధ్యలో ఎక్కడా కాపురం పెట్టదు.

మీకు నిజంగా పనికొచ్చేది ఇప్పుడు. ఇలాంటి వార్త మళ్ళీ వచ్చినప్పుడు నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబ్ నడిపే సీనియోస్ సైటులో దగ్గరి రాకల పట్టిక తెరవండి. ఇందులో దూరం రెండు గడుల్లో ఉంటుంది: ఒకటి ఉత్తమ అంచనా, రెండోది కనిష్ఠం. చూడాల్సింది కనిష్ఠం గడి. యూనిట్ ఎల్‌డీ అయితే చంద్రుడి దూరం, 3,84,400 కి.మీ. ఏయూ అయితే సూర్యుడి దూరం, దాదాపు 15 కోట్ల కి.మీ. వీటిని కలిపేసుకుని గాభరా పడేవాళ్ళు చాలామంది. ‘ప్రమాదకర శకలం’ అన్న మాట చూసినా ఆగండి. అది సాంకేతిక ముద్ర: కక్ష్య మన కక్ష్యకు 75 లక్షల కి.మీ. లోపు వచ్చి, పరిమాణం సుమారు 140 మీటర్లు దాటితే వేస్తారు. రేపు వచ్చి పడుతుందని దానర్థం కాదు. అసలు ప్రమాదముంటే అదే సైటులో సెంట్రీ అనే ఢీకొట్టే అవకాశాల పట్టికలో టొరీనో గడి సున్నా కాకుండా ఉంటుంది. అక్కడ సున్నా ఉంటే ‘స్టేడియమంత రాయి దూసుకొస్తోంది’ అన్న శీర్షిక చదివి హాయిగా పెరుగన్నం తినవచ్చు. కనిపెట్టిన తేదీ కూడా చూడండి. పది రోజుల కిందటిదైతే ఆ అంకె ఇంకా చాలాసార్లు మారుతుంది.

చదవడంతో ఆగకుండా కొలవాలనుంటే అదీ చేయవచ్చు. అంతర్జాతీయ ఖగోళ అన్వేషణ సహకార కార్యక్రమం, ఐఏఎస్‌సీ, ఉచితంగా హవాయిలోని పాన్‌స్టార్స్ 1.8 మీటర్ల టెలిస్కోపు చిత్రాలు పంపుతుంది. జట్టుగా నమోదు చేసుకోవాలి. ఒకే ఆకాశపు ముక్కవి నాలుగేసి చిత్రాలు వస్తాయి. విండోస్‌లో నడిచే ఆస్ట్రోమెట్రికా అనే సాఫ్ట్‌వేర్‌లో వాళ్ళిచ్చిన సెట్టింగుల ఫైలు పెట్టి, నాలుగూ తెరిచి, నక్షత్రాల పట్టికతో సరిపోల్చమని చెప్పి, వెంటవెంటనే మార్చి చూస్తే కదిలే చుక్క కంటపడుతుంది. ముందు తెలిసిన శకలాల గుర్తులు తెర మీద వేయించండి, లేకపోతే ఎప్పుడో దొరికినదాన్ని మళ్ళీ కనిపెట్టి సంబరపడతారు. నిజమైన చుక్కకు గుర్తులు: నాలుగు చిత్రాల్లోనూ ఒకే సరళరేఖ మీద ఉంటుంది, సమయాల మధ్య తేడాకు తగ్గట్టు జరుగుతుంది, వెలుగు పెద్దగా మారదు, నక్షత్రాలంత మెత్తగా పరుచుకుని ఉంటుంది. ఒకే పిక్సెల్ సూదిమొనలా వెలిగితే అది కెమెరా దోషం లేదా కాస్మిక్ కిరణం. మూడు చిత్రాల్లో కనబడి నాలుగోదాంట్లో మాయమైతే, ఆ చోట ప్రకాశమైన నక్షత్రం మీదకు వచ్చిందేమో చూడండి. ఆ కారణమూ లేకపోతే వదిలేయండి.

సొంత టెలిస్కోపు ఉన్నవాళ్ళు దెబ్బతినేది టెలిస్కోపు దగ్గర కాదు, గడియారం దగ్గర. భూమి పక్కనుంచి పోయే శకలం నిమిషానికి 30 ఆర్క్ సెకన్లు జరుగుతోందనుకోండి. కంప్యూటరు గడియారం రెండు సెకన్లు తప్పితే స్థానం ఒక ఆర్క్ సెకన్ తప్పుతుంది, కొలత చెడిపోయినట్టే. రాత్రి మొదలుపెట్టే ముందు ఇంటర్నెట్ సమయంతోనో జీపీఎస్‌తోనో కలపండి. పంపాల్సింది ఎక్స్‌పోజర్ మొదలైన సమయం కాదు, మధ్య సమయం. 60 సెకన్ల చిత్రానికి మొదలు సమయం రాస్తే 30 సెకన్ల తప్పు, అంటే 15 ఆర్క్ సెకన్లు. మన దేశంలో ఇంకో తప్పు ఎక్కువ: యూటీసీ, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం, రాయాల్సిన చోట మన సమయం రాసేయడం. ఐదున్నర గంటలు జరిగాక ఆ శకలం వేరే తారల మధ్య ఉంటుంది.

ఎక్స్‌పోజర్ ఎంత పెట్టాలంటే, చిత్రంలో నక్షత్రం వెడల్పును శకలం వేగంతో భాగించండి. నక్షత్రం 3 ఆర్క్ సెకన్లు, వేగం నిమిషానికి 30 అయితే 6 సెకన్లు. అంతకన్నా పెడితే చుక్క గీతగా సాగి దాని మధ్య ఎక్కడో తేలదు. 6 సెకన్లకు మసకగా ఉంటే, అలాంటివి 40 తీసి, శకలం కదిలే వేగం, దిశ ఇచ్చి ఆస్ట్రోమెట్రికాలోనే ఒకదాని మీద ఒకటి పేర్చండి. నక్షత్రాలు గీతలవుతాయి, శకలం చుక్కగా తేలుతుంది. అప్పుడు రాయాల్సింది మొత్తం పేర్పు మధ్య సమయం.

ప్రపంచంలో శకలాల కొలతలన్నీ చేరే మైనర్ ప్లానెట్ సెంటర్‌కు మీ కొలతలు పంపాలంటే మీ చోటికి ఒక కోడ్ కావాలి. ఇప్పటికే నంబరున్న శకలాలను రెండు వేర్వేరు రాత్రుల్లో కొలిచి, మీ టెలిస్కోపు ఉన్న చోటు అక్షాంశం, రేఖాంశం, ఎత్తుతో పంపండి. కొలతలు వాళ్ళ కక్ష్యతో పొసిగితే కోడ్ ఇస్తారు, పొసగకపోతే ముందు గడియారం చూడండి.